మొక్క నాటాక మిగిలే పని

(వనజీవి దరిపల్లి రామయ్య గారి స్మృతిలో చేసిన ఉపన్యాసం)

వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ కాలేజీ పిల్లలూ, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, మొహమాటపడకుండా వచ్చి కూర్చోండి. ఈ సాయంత్రం మాటంతా మీ గురించే.

ఎవరి పేరున ఈ సభ జరుగుతోందో ఖమ్మం ప్రాంతంలో చెప్పాల్సిన అవసరం లేదు. రెడ్డిపల్లి ఊరికి చెందిన రామయ్య గారు సైకిల్ మీద మొక్కలు, జేబుల్లో విత్తనాలు పెట్టుకుని తిరిగిన మనిషి. చెట్టును మనం కాపాడితే అది మనల్ని కాపాడుతుందన్న మాటను బోర్డు మీద రాయించి ఒంటి మీదే మోశారు. పాత రేకుల మీద చెట్ల గురించిన రాతలు స్వయంగా రాసి ఊరూరా నిలబెట్టారు. భార్య జానమ్మ గారు ఆయనకు అన్నింటా తోడు. నాటిన మొక్కలు కోటి దాటాయని జనం లెక్క. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్ 12న ఆయన కన్నుమూసే నాటికి, ఇంటిపేరు పోయి వనజీవి అన్నదే పేరుగా మిగిలింది.

అంత పెద్ద అంకె చెప్పగానే సభలో చప్పట్లు మోగుతాయి. దానికన్నా ముఖ్యమైనది ఆయన చేతిపని. ఏ కాయ ఎప్పుడు పండి రాలుతుందో, ఏ గింజ కాలవ గట్టున నిలుస్తుందో, ఏది రోడ్డు పక్కన పనికొస్తుందో ఆయనకు తెలుసు. అది చదువే. ఏ యూనివర్సిటీ పట్టా ఇవ్వని చదువు. జీతం లేకుండా జీవితమంతా ఆ చదువును ఊరికి ధారపోశారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక రామయ్య గారు పుట్టడం ఊరి అదృష్టం. అదృష్టాన్ని పథకంగా రాసుకోలేం. ఇంటికి నాలుగు రూపాయలు పంపాల్సిన ఇరవై ఏళ్ల కుర్రాడిని పిలిచి, ఆయనలా ఊరికే పనిచేయమనడం న్యాయం కాదు. ఈ ఉపన్యాసం చెప్పదలచింది ఒక్కటే. పర్యావరణ సేవకు యువతను పిలిచేవాళ్లు వాళ్లకు మూడు ఇవ్వాలి: చేసిన పనికి కూలి, పనితోపాటు చదువు, ఆ పని అయ్యాక ఎక్కడానికి ఇంకో మెట్టు. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా మొక్కా దక్కదు, మనిషీ దక్కడు. ఈ మాటను ఆరు అంచెల్లో చూద్దాం.

1. ఒక పూట పని, మూడు వేసవుల పని

తెలంగాణలో హరితహారం 2015 జూలైలో మొదలైంది. తర్వాత గ్రామ గ్రామానా నర్సరీ వెలిసింది. 2018 పంచాయతీరాజ్ చట్టం ఇంకో అడుగు ముందుకేసి, నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకాలని, లేకపోతే సర్పంచి, కార్యదర్శి జవాబు చెప్పుకోవాలని రాసింది. మొక్క చచ్చిపోతే పదవికే ముప్పు వచ్చేలా చట్టం చేసిన చోట్లు అరుదు. ఉద్దేశం మంచిదే.

అయితే ఆ 85 శాతాన్ని ఎవరు బతికిస్తారు? నాటడం ఒక పూటలో అయిపోతుంది. ఆ రోజు బ్యానర్ ఉంటుంది, ఫొటోలుంటాయి, మంచినీళ్ల సీసాలుంటాయి. తర్వాత మొదలయ్యేదే అసలు పని. పాదు చేయాలి, కలుపు తీయాలి, చెదను గమనించాలి, ముళ్లకంప కట్టాలి, మేకల మంద వచ్చే వేళకు కాపలా ఉండాలి, చచ్చిన చోట మళ్లీ పెట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో వారానికింత అని తడి ఇవ్వాలి. మన ఎండలకు ఒక మొక్క తన కాళ్ల మీద తాను నిలబడాలంటే మూడు వేసవులు దాటాలి.

ఇంత పని సేవాభావం మీద నడుస్తుందనుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది. జాతీయ సేవా పథకం, అంటే మీ ఎన్ఎస్ఎస్, 1969 సెప్టెంబర్ 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో మొదలైంది. ఎంతోమంది పట్నం పిల్లలకు పల్లెను మొదటిసారి చూపించింది ఆ పథకమే. దాని నియమం ప్రకారం ఒక విద్యార్థి ఏడాదికి ఇచ్చేది 120 గంటలు, పైన ఏడు రోజుల శిబిరం. చదువుకునే పిల్లల నుంచి అంతకుమించి అడగకూడదు కూడా. కానీ మొక్కకు నీళ్లు కావాల్సిన మే నెలలో వాళ్లకు పరీక్షలు, సెలవులు. అప్పుడు ఊళ్లో ఉండేది చదువు ఆపేసి, పని దొరక్క, హైదరాబాద్ బస్సెక్కాలా వద్దా అని ఆలోచిస్తున్న కుర్రాళ్లు. సేవా పథకాలు వాళ్లను పిలవవు. నైపుణ్య శిక్షణ పథకాలు వాళ్లను పిలిచి ఏసీ మరమ్మతు నేర్పుతాయి, అడవి పని నేర్పవు.

2. ముప్పై డాలర్లు, అందులో ఇరవై అయిదు ఇంటికి

సేవనూ, నైపుణ్య శిక్షణనూ కలిపిన ప్రయోగం తొంభై ఏళ్ల కిందట అమెరికాలో జరిగింది. ఆర్థిక మాంద్యంలో పనుల్లేక కుర్రాళ్లు రైళ్ల మీద దేశమంతా తిరుగుతున్న రోజులు. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1933 మార్చి 4న అధ్యక్షుడయ్యారు. మార్చి 31న చట్టం. ఏప్రిల్ 17న వర్జీనియా అడవిలో మొదటి శిబిరం. జూలై వచ్చేసరికి రెండున్నర లక్షల మందికి పైగా యువకులు శిబిరాల్లో ఉన్నారు. మన దగ్గర ఒక ఫైలు ఒక టేబుల్ మీంచి ఇంకో టేబుల్ మీదికి వెళ్లడానికి పట్టే సమయంతో దీన్ని పోల్చి చూసుకునే పని అధికార మిత్రులకే వదిలేద్దాం.

దాని పేరు సివిలియన్ కన్జర్వేషన్ కోర్. మొదట 18 నుంచి 25 ఏళ్ల పెళ్లికాని యువకులను తీసుకున్నారు. ఆరు నెలల ఒప్పందం, కావాలంటే రెండేళ్ల దాకా పొడిగింపు. నెలకు 30 డాలర్లు. అందులో 25 డాలర్లు నేరుగా ఇంటికి వెళ్లేవి. కుర్రాడి చేతిలో మిగిలేది అయిదు. తిండి, బట్ట, పడక, వైద్యం శిబిరానివే. దాంతో అడవిలో పనిచేసే పిల్లాడి మీద ఊళ్లో ఒక కుటుంబం నిలబడింది, ఆ ఊరి కిరాణా కొట్టు కూడా నిలబడింది. ఈ పథకానికి పార్టీలకు అతీతంగా ఆదరణ దొరకడానికి చెట్లతోపాటు ఆ మనీఆర్డర్లూ కారణమే.

ఎవరి పని ఎవరు చేయాలో కూడా తేల్చుకున్నారు. మనుషులను ఎంపిక చేసింది కార్మికశాఖ. శిబిరాలు నడిపింది సైన్యం. పని చూపించింది వ్యవసాయ, అంతర్గత వ్యవహారాల శాఖలు. పైన రాబర్ట్ ఫెక్నర్ అనే కార్మిక సంఘం నాయకుణ్ణి కూర్చోబెట్టారు. సంఘాలు మొదట్లో ఈ కూలిరేటు చూసి భయపడ్డాయి మరి.

మొదటి వారాల్లోనే ఒక ఇబ్బంది తేలింది. నగరాల నుంచి వచ్చిన పిల్లలకు గొడ్డలి పట్టడం రాదు. పక్క ఊళ్లలో అడవి పని తెలిసిన పెద్దవాళ్లు మాత్రం పని లేక కూర్చున్నారు, పైగా బయటివాళ్లొచ్చి తమ అడవిలో కూలి సంపాదిస్తున్నారని గుర్రుగా ఉన్నారు. అందుకని అలాంటి స్థానికులను పాతిక వేల మంది దాకా మేస్త్రీలుగా, గురువులుగా తీసుకున్నారు. గొడవ తీరింది, పనీ వచ్చింది. ఇది గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

పగలు పని, రాత్రి చదువు. చదువు తప్పనిసరి కాకపోయినా ఎక్కువ మంది వెళ్లారు. 40 వేల మందికి పైగా నిరక్షరాస్యులు ఆ శిబిరాల్లో చదవడం నేర్చుకున్నారు. కొందరు హైస్కూల్ పూర్తి చేశారు, కొందరు యంత్రాలు నడపడం, సర్వే చేయడం, వంట, టైపు నేర్చుకున్నారు. యుద్ధం వల్ల 1942లో నిధులు ఆగిపోయేనాటికి దాదాపు 30 లక్షల మంది అందులో పనిచేశారు. సుమారు 300 కోట్ల మొక్కలు నాటారు. వందల పార్కుల్లో వాళ్లు వేసిన దారులు, రాళ్లతో కట్టిన వంతెనలు ఇవాళ్టికీ వాడకంలో ఉన్నాయి.

3. ఆ లెక్కలో రాయని పద్దులు

ఇంతవరకు విని అదే ఇక్కడ పెట్టేస్తే పోలా అనిపిస్తుంది. కాస్త ఆగండి.

మొదటి పద్దు, ఎవరిని రానిచ్చారన్నది. చట్టంలో జాతి వివక్ష ఉండకూడదని రాసుకున్నారు. ఆచరణలో 1935లో ఫెక్నర్ నల్లవాళ్లకు వేరే శిబిరాలుండాలని ఆదేశించారు. పనిచేసిన నల్లజాతి యువకులు రెండు లక్షల పైచిలుకే అయినా, వాళ్లు పైమెట్టు ఎక్కిన సందర్భాలు తక్కువ. ఆడపిల్లలకు ప్రవేశమే లేదు. అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ పట్టుబట్టి వాళ్లకు విడిగా శిబిరాలు పెట్టిస్తే పత్రికలు వెటకారం చేశాయి. సుమారు 8,500 మంది మహిళలకు అవకాశం దక్కాక 1937లో అవి మూతపడ్డాయి. అమెరికా మూలవాసుల విభాగం మాత్రం వేరే తీరున నడిచింది. 80 వేల మందికి పైగా తమ సొంత నేలల మీదే, చాలామంది ఇళ్ల దగ్గరే ఉండి పనిచేశారు.

రెండో పద్దు, ఏ పని చేయించారన్నది. చేతులు లక్షల్లో ఉన్నాయి, శాస్త్రం తెలిసినవాళ్లు వేలల్లోనే ఉన్నారు. అమెరికా ప్రకృతి ఆలోచనాపరుల్లో మొదటి వరసలోని ఆల్డో లియోపోల్డ్ 1933లో నైరుతి రాష్ట్రాల్లో ఈ శిబిరాల భూసంరక్షణ పనులు స్వయంగా చూశారు. మరుసటి ఏడాది రాసిన వ్యాసంలో ఒక వింత చెప్పారు. ఒక బృందం వాగులో చేపల కోసం అడ్డుకట్టలు కడుతుంటే, ఇంకో బృందం పైనున్న బంకమట్టి గట్టును రోడ్డు కోసం తవ్వి ఆ వాగునే బురదమయం చేస్తోంది. ఇద్దరి బోర్డు మీదా సంరక్షణ అనే ఉంది.

కుడ్జు కథ ఇంకా పెద్దది. మట్టి కోత ఆపడానికి ఆసియా నుంచి తెచ్చిన ఆ తీగను దక్షిణాది రాష్ట్రాల్లో ఈ యువకుల చేత కొండలూ గట్లూ అంతటా నాటించారు. అది చెట్లెక్కి, స్తంభాలెక్కి, పాడుబడ్డ ఇళ్లను కప్పేసింది. 1970లో ప్రభుత్వమే దాన్ని కలుపు జాబితాలో చేర్చింది.

మన సంగతేమిటి? రోడ్ల మధ్య డివైడర్ల మీద కోనోకార్పస్‌ను బారులు తీర్చి పెంచాం. త్వరగా ఎదుగుతుంది, పచ్చగా ఉంటుంది, పశువు ముట్టదు. 2022లో తెలంగాణలో నర్సరీల్లో దాన్ని పెంచొద్దని ఆదేశాలొచ్చాయి. అంతకన్నా సున్నితమైన విషయం గడ్డినేలలది. బట్టమేక పిట్ట కోసం 1988లో కర్నూలు ప్రాంతంలో రోళ్లపాడును అభయారణ్యం చేశారు. ఆ పిట్టకు కావాల్సింది బయలు, గడ్డి, దూరం దాకా కనిపించే చూపు. అలాంటి నేలను బీడు అనుకుని గుంతలు తీసి మొక్కలు పెడితే, పచ్చదనం పేరుతో పిట్ట ఇల్లు తీసేసినట్టే. గుంత ఎక్కడ తీయాలో నేర్పడం శిక్షణలో సగమే. ఎక్కడ తీయకూడదో కూడా నేర్పాలి. చదువు లేని సేవ ఎంత నిజాయతీగా చేస్తే అంత నష్టం చేయగలదు.

4. ఆ దారిలో వచ్చినవాళ్లు

అసలు సంస్థ పోయినా ఆలోచన పోలేదు. 1955లో వాసర్ కాలేజీ విద్యార్థిని ఒకరు, తర్వాత ఎలిజబెత్ టైటస్ పుట్నమ్‌గా పేరొందినావిడ, జాతీయ పార్కుల పనుల్లోకి విద్యార్థులను దింపవచ్చని తన చదువులో భాగంగా రాసిన వ్యాసంలో ప్రతిపాదించారు. 1957లో ఒలింపిక్, గ్రాండ్ టీటన్ పార్కుల్లో మొదటి జట్లు దిగాయి. డిగ్రీ కోసం రాసిన కాగితం నుంచి ఒక సంస్థే పుట్టింది. ఇక్కడున్న ప్రాజెక్టు రిపోర్టుల పిల్లలు ఈ మాట వినాలి.

1970లో పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల కోసం యూత్ కన్జర్వేషన్ కోర్ చట్టం వచ్చింది. 1976లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ కాలిఫోర్నియాకు సొంత దళం పెట్టారు. దాని నినాదం తమాషాగా ఉంటుంది: కష్టమైన పని, తక్కువ జీతం, దిక్కుమాలిన పరిస్థితులు, ఇంకా చాలా! అబద్ధం చెప్పి పిలవలేదన్నమాట. కార్చిచ్చు వస్తే అక్కడ, వరదొస్తే అక్కడ, మధ్యలో కాలిబాటలు, నదీ తీరాలు. హైస్కూల్ పూర్తికానివాళ్లకు దాన్ని పూర్తి చేసే ఏర్పాటుంది. అక్కడి నుంచి అగ్నిమాపక ఉద్యోగాల్లోకి వెళ్లే దారీ ఉంది. 1993 చట్టంతో వచ్చిన అమెరికార్ప్స్‌లో, 1,700 గంటల సేవ పూర్తి చేసినవాళ్లకు కాలేజీ ఫీజుకు పనికొచ్చే సొమ్ము ఇస్తారు. మొదట్లో అడిగిన ఇంకో మెట్టు అంటే అది.

దక్షిణాఫ్రికా ఇంకో దారి తొక్కింది. వర్ణవివక్ష పోయిన మరుసటి ఏడాది, 1995లో, నీటి శాఖ మంత్రి కాదర్ అస్మల్ ఒక పథకం పెట్టారు. విదేశీ చెట్లు అక్కడి కొండవాగులను తాగేస్తున్నాయి. వాటిని నరికే పనిని నిరుపేద మహిళలకు, నిరుద్యోగ యువతకు కూలి పనిగా ఇచ్చారు. రంపం వాడటం, ప్రథమ చికిత్స, సొంతంగా చిన్న కాంట్రాక్టు నడపడం నేర్పారు. నీటి శాఖ డబ్బుతో ఉపాధి, ఉపాధి పనితో నీళ్లు. వాళ్లు నరికే చెట్లలో మన పొలాల గట్లను ఆక్రమించిన సర్కారు తుమ్మ జాతి కూడా ఉంది.

ఈ దారిలోనే ఒక హెచ్చరికా ఉంది. అమెరికాలో 2023 సెప్టెంబర్‌లో ప్రకటించిన క్లైమేట్ కోర్ అనే యువ దళం 2025 జనవరికల్లా మూతపడింది. ఒక ప్రభుత్వం ఇష్టంతో పుట్టింది, ఆ ప్రభుత్వంతోనే పోయింది. కాలిఫోర్నియా దళం గవర్నర్లు మారినా యాభై ఏళ్లుగా ఉంది. రాష్ట్ర చట్టంలో దానికి చోటుంది, కార్చిచ్చు వచ్చిన ప్రతిసారీ జనం దాన్ని కళ్లతో చూస్తున్నారు.

5. నల్లమలలో, మడ అడవుల్లో, ఇసుక తీరంలో

ఇప్పుడు ఇంటికొద్దాం. ఇలాంటివి మన దగ్గర లేవనుకోవడం పొరపాటు. ఉన్నాయి, విడివిడిగా ఉన్నాయి.

దేశంలోనే అతిపెద్ద పులుల అభయారణ్యం నాగార్జునసాగర్–శ్రీశైలం. కృష్ణకు ఇవతల తెలంగాణ వైపున్నది అమ్రాబాద్. ఈ రెండింటిలోనూ బేస్ క్యాంపుల్లో ఉండి అడవి కాసేవాళ్లలో ఎక్కువ మంది చెంచు యువకులు. రోజూ బీటు నడవాలి, నడిచిన దారి ఫోన్‌లోని యాప్‌లో నమోదవుతుంది. ఫిబ్రవరి నుంచి మంటలు పాకకుండా ఫైర్ లైన్లు గీయాలి, ఎండలు ముదిరితే జంతువులు తాగే సాసర్ పిట్లలో నీళ్లు నింపాలి.

పులుల లెక్కింపు వేళ వాళ్ల పని దగ్గరగా చూడాలి. కాలిబాటకు అటొకటి ఇటొకటి, మోకాలెత్తులో రెండు కెమెరాలు కడతారు. పులి చారలు మనిషి వేలిముద్రల్లా దేనికవే వేరు, పైగా ఎడమ పక్కవీ కుడి పక్కవీ ఒకలా ఉండవు. రెండు పక్కలా ఫొటో వస్తేనే అది ఏ పులో తేలుతుంది. కెమెరాలు ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా ఉంటే ఒకదాని వెలుగు ఇంకోదాన్ని చెడగొడుతుంది, అందుకే కాస్త పక్కకు జరుపుతారు. ముందున్న గడ్డి కోయకపోతే గాలికి ఊగిన ప్రతి పరకకూ ఫొటో పడి కార్డు నిండిపోతుంది. ఇక ఏ బాటన పులి వస్తుందన్నది ఏ మాన్యువల్‌లోనూ ఉండదు. అడుగుజాడ, చెట్టు మీది గోటి గీత, జింక అరుపు చదవగలిగినవాడు చెప్పాలి. ఆ చదువు చెంచు పిల్లాడికి తాత దగ్గర వచ్చింది.

అదే పిల్లాడు బీట్ ఆఫీసర్ కాగలడా? తెలంగాణలో ఆ ఉద్యోగానికి ఇంటర్మీడియట్ ఉండాలి, రాత పరీక్ష రాయాలి. మగవాళ్లు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు నడిచి చూపించాలి. నడక పరీక్ష అతనికి లెక్కలోది కాదు. ఇంటర్మీడియట్ దగ్గరే ఆగిపోతాడు. ఏళ్ల తరబడి అడవి కాసిన అనుభవానికి ఆ దరఖాస్తు ఫారంలో గడి లేదు. మనం వెతుకుతున్న మెట్టు విరిగింది సరిగ్గా అక్కడే.

తూర్పున తీరానికి వెళ్దాం. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా జనవరి వచ్చిందంటే ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. అటవీశాఖ, ట్రీ ఫౌండేషన్ లాంటి సంస్థలు మత్స్యకార యువకులను కాపలాకు పెట్టుకుంటాయి. వాళ్లు చీకట్లో ఇసుక మీది జాడను బట్టి గూడు కనిపెట్టి, అడుగున్నర లోతు తవ్వి, వందకు పైగా గుడ్లను ఒక్కొక్కటిగా తీస్తారు. గుడ్డు ఏ వైపు పైకి ఉందో ఆ వైపే ఉంచాలి. పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పెంకుకు అతుక్కుంటుంది, అప్పుడు గుడ్డును తిప్పితే చచ్చిపోతుంది. అందుకే తెల్లారేలోపు హేచరీకి చేర్చి, తల్లి తవ్వినంత లోతులోనే మళ్లీ పూడుస్తారు. పిల్లలు పైకి రావడానికి నలభై అయిదు నుంచి అరవై రోజులు. ఇసుక ఎక్కువ వేడెక్కితే ఆడపిల్లలే ఎక్కువగా పుడతాయి కనుక నీడ కూడా చూసుకోవాలి. ఈ మెళకువంతా వలలు లాగే కుటుంబాల పిల్లల చేతుల్లో ఉంది. మే తర్వాత మాత్రం వాళ్లకు ఆ పని ఉండదు.

గోదావరి, కృష్ణ ముఖద్వారాల్లో మడ అడవుల పునరుద్ధరణ జరిగిన తీరూ చూడదగ్గది. ఉప్పు పేరుకుపోయిన బయలులో నేరుగా మొక్క పెడితే బతకదు. అందుకని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, ఊరి సమితులు కలిసి చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వించాయి. మధ్యలో పెద్ద కాలవ, రెండు పక్కలా పిల్ల కాలవలు. పోటుకు నీళ్లొచ్చి, పాటుకు ఉప్పును కడిగి తీసుకుపోతాయి. ఆ గట్ల మీద తెల్లమడ, నల్లమడ నాటారు. తవ్విందీ, నాటిందీ, తర్వాత పూడిక తీసిందీ ఊరి ఆడవాళ్లూ మగవాళ్లే, కూలికే.

ప్రభుత్వ శిక్షణ లేదనీ అనలేం. కేంద్ర పర్యావరణ శాఖ 2017లో పది జిల్లాల్లో ప్రయోగంగా హరిత నైపుణ్య శిక్షణ మొదలుపెట్టింది. మొక్కల, జంతువుల గుర్తింపు, వెదురు పెంపకం, మురుగు శుద్ధి కేంద్రాల నిర్వహణ, ప్రకృతి గైడ్ల శిక్షణ లాంటి కోర్సులు పెట్టి, 2021 నాటికి దాదాపు అయిదు లక్షల మందికి దారి చూపుతామంది. పాఠాల ఎంపిక చక్కగా ఉంది. కానీ శిక్షణ ఒకచోట, పని ఇంకోచోట, కూలి వేరే శాఖలో. నల్లమలలో పని ఉంది, మెట్టు లేదు. తీరంలో మెళకువ ఉంది, ఏడాది పొడవునా పని లేదు. శిక్షణ కేంద్రంలో సర్టిఫికెట్ ఉంది, ఆ తర్వాత ఎవరూ లేరు. మూడు ముక్కలూ మన దగ్గరే ఉన్నాయి, ఒకే మనిషికి మూడూ అందడం లేదు.

6. ఒక రేంజ్‌లో, ఒక ఏడాది

అందుకని పెద్ద జాతీయ పథకం కోసం ఎదురుచూడకుండా, ఒక అటవీ రేంజ్ పరిధిలో పదిహేను మందితో ఒక ఏడాది దళం ఎలా ఉండొచ్చో ఊహిద్దాం. సగం మంది అమ్మాయిలు. వాళ్లుండే చోటు, మరుగుదొడ్డి, రాత్రి రక్షణ ముందు కట్టాకే ఎంపిక మొదలవ్వాలి. తర్వాత చూద్దాంలే అన్న చోటల్లా వాళ్లు రెండో నెలలోనే ఇంటికెళ్లిపోతారు.

ఏడాదంతా పని ఉండేలా ఋతువులను పంచుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నాటడం, చచ్చిన చోట మళ్లీ పెట్టడం. అక్టోబర్ నుంచి జనవరి దాకా కలుపు, విత్తనాల సేకరణ, నర్సరీ, ఊరి జీవవైవిధ్య రిజిస్టర్. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఆ రిజిస్టర్ ఉండాలి. దాన్ని ఆఫీసులో కూర్చుని నింపేకంటే, ఊరి చెరువు, గట్టు, గుట్ట తిరిగి ఈ పిల్లలు నింపితే ఊరికీ వాళ్లకీ లాభం. ఫిబ్రవరి నుంచి మే దాకా ఫైర్ లైన్లు, నీళ్లు, కాపలా.

రాత్రి చదువులో ఓపెన్ స్కూల్ ఇంటర్మీడియట్ మొదటిది. ఎందుకో అయిదో అంచెలో చూశారు. రెండోది మొక్కల, పక్షుల గుర్తింపు, జీపీఎస్ వాడకం, ప్రథమ చికిత్స, మస్టర్ రోల్ రాయడం. మూడోది డ్రైవింగ్ లైసెన్సు. నవ్వకండి, ఊళ్లో ఏ కుర్రాడినైనా ఏం కావాలని అడగండి, మొదట చెప్పేది అదే.

నేర్పేవాళ్లు ఇద్దరుండాలి. ఒకరు శాస్త్రం తెలిసిన ఫారెస్టర్. ఇంకొకరు విత్తనం, జాడ తెలిసిన ఊరి పెద్దమనిషి. అమెరికా శిబిరాల్లో స్థానికులను గురువులుగా పెట్టుకున్న సంగతి గుర్తుంచుకోమన్నది దీని కోసమే. ఇద్దరికీ ఒకే గౌరవ వేతనం. రామయ్య గారి లాంటి వాళ్లను ముందు వాడుకుని, పోయాక సన్మానించే అలవాటు మారాలంటే, వాళ్లు బతికుండగా పాఠం చెప్పినందుకు జీతం ఇవ్వడం దగ్గర మొదలవ్వాలి.

ఇక డబ్బెక్కడిదని ఎవరో ఒకరు అడగాలి. అడవిని ప్రాజెక్టులకు తీసుకున్నవాళ్లు కట్టిన పరిహారపు సొమ్ము ఉంది. 2016 చట్టం తర్వాత, 2019 ఆగస్టులో కేంద్రం ఆ ఖాతాలోంచి రాష్ట్రాలకు 47,436 కోట్ల రూపాయలు బదిలీ చేసింది. తెలంగాణ వాటా సుమారు 3,110 కోట్లు. 2018 నియమాల ప్రకారం అందులో పెద్ద భాగం అడవుల, వన్యప్రాణుల నిర్వహణ కిందే ఖర్చు పెట్టాలి. దానికి ఉపాధి హామీ కూలినీ, నైపుణ్య శిక్షణ నిధులనూ జోడించవచ్చు. మూడు శాఖలు ఒక టేబుల్ దగ్గర కూర్చోవాలి, అంతే. 1933లో నాలుగు శాఖలు కూర్చున్నాయి.

వచ్చే జూన్‌లో నాటబోయే మొక్కల అంచనాలు జిల్లా ఆఫీసుల్లో చలికాలంలోనే తయారవుతాయి. గుంతలకెంత, మొక్కలకెంత, రవాణాకెంత అని అందులో పద్దులుంటాయి. ఈ ఏడాది ఆ కాగితంలో ఇంకో రెండు పద్దులు రాయించడం ఈ సభలోని సర్పంచుల, అధికారుల చేతిలో ఉంది. మొదటిది, యువ దళం పేరున మూడు వేసవుల కూలి. రెండోది, వాళ్ల రాత్రి బడి ఖర్చు. బీట్ ఆఫీసర్ నోటిఫికేషన్‌లో దళం అనుభవానికి మార్కులు కలపాలన్న తీర్మానాన్ని గ్రామసభల నుంచి పంపడానికి డబ్బు కూడా అక్కర్లేదు. ఆ తీర్మానం ముసాయిదా ఎలా ఉండాలో తేల్చుకోవడానికి ఉపన్యాసం తర్వాత అరగంట సమయం ఉంది. రాయగలిగినవాళ్లు దయచేసి ఉండిపోండి.